మెడ చూసి మందు పెంచారు, అది వైద్యమేనా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నేను పలమనేరు దగ్గర ఒక పల్లెలో సీహెచ్‌ఓగా (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్) పని చేస్తున్నాను. మా పరిధిలో 67 ఏళ్ల పెద్దాయన ఉన్నారు, మామిడి తోట రైతు. గుండె పంపింగ్ తగ్గిందని తిరుపతిలో అడ్మిట్ చేసి, మందులు రాసి ఇంటికి పంపారు. మూడు వారాలు బాగానే ఉన్నారు. మొన్న ఫ్యామిలీ డాక్టర్ విజిట్ రోజున మా మెడికల్ ఆఫీసర్ గారు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఫోన్ టార్చి వేసి కాసేపు మెడ చూశారు. "నీళ్లు మళ్లీ చేరుతున్నాయి" అని లాసిక్స్ (ఒంట్లో నీరు తీసే మాత్ర) పెంచి, ఒక రక్త పరీక్ష రాసి వెళ్లారు. కాళ్లలో వాపు పెద్దగా లేదు. ఆ సాయంత్రమే బెంగళూరు నుంచి కొడుకు ఫోన్ చేశాడు: "స్కానింగ్ లేదు, ఏమీ లేదు, మెడ చూసి మందు పెంచేదేంది? నేనొచ్చి వేలూరికి తీసుకుపోతా." నాకేం చెప్పాలో తెలియలేదు. నిజానికి సార్ రాకముందే పెద్దాయన్ని టేబుల్ మీద పడుకోబెట్టి నేనూ మెడ చూశాను. ఏ నరమూ ఉబ్బి కనబడలేదు. నర్సింగ్‌లో జేవీపీ (మెడ సిరలో ఒత్తిడి) అని చదివాం గానీ ఎవరూ చూపించలేదు. ఆయన అసలేం చూశారు? నేను నేర్చుకోగలనా? కొడుక్కి ఏం చెప్పాలి? ఇంకొకటి, పెద్దాయన ఈ నెలాఖరుకు అలిపిరి నుంచి నడిచి కొండెక్కాలంటున్నారు, మొక్కు ఉందట.

జవాబు:

సిస్టర్, మీరు చూసిందీ మీ సార్ చూసిందీ ఒకే మెడ. మీరు పడుకోబెట్టి చూశారు, ఆయన కూర్చోబెట్టి చూశారు. ఆయనకు కనబడి మీకు కనబడకపోవడానికి చాలావరకు అదే కారణం. మీ కళ్లలో లోపమేమీ లేదు.

ఒళ్లంతా తిరిగొచ్చిన రక్తం చివరికి చేరేది గుండెలో కుడివైపు పై గదికి, అంటే కుడి కర్ణికకు. మెడలో కుడిపక్క లోతుగా ఉండే జుగులర్ సిర ఆ గదిలోకి దాదాపు నిట్టనిలువుగా దిగుతుంది. దారిలో వంకర తక్కువ, చెప్పుకోదగ్గ అడ్డూ లేదు. కాబట్టి గదిలో ఒత్తిడి ఎంతుంటే సిరలో రక్తం అంత ఎత్తున నిలబడుతుంది. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ ప్లాస్టిక్ ట్యూబులో నీళ్లు పోసి మట్టం చూస్తాడు కదా, అదే లెక్క. ట్యూబును ఎంత వాల్చినా నీటి పైమట్టం ఎత్తు మారదు, ట్యూబులో అది పడే చోటు మారుతుంది. మెడలోనూ అంతే. మనిషిని 30 డిగ్రీలకు వాల్చినా 45కు లేపినా గుండె నుంచి నిట్టనిలువుగా కొలిస్తే ఎత్తు ఇంచుమించు ఒకటే. ఆ మట్టం కాలర్ బోన్ వెనక దాక్కుంటుందా, మెడ మధ్యలో ఆడుతుందా, దవడ దాటిపోతుందా అన్నది మాత్రం మనం కూర్చోబెట్టిన తీరును బట్టి ఉంటుంది.

ఇప్పుడు మీ పెద్దాయన సంగతి లెక్క వేద్దాం. మామూలు మనిషికి ఈ మట్టం కర్ణిక నుంచి 8 సెంటీమీటర్లు మించదు. నిటారుగా కూర్చున్నప్పుడు కాలర్ బోన్ కర్ణికకు సుమారు 10 సెంటీమీటర్ల పైన ఉంటుంది. కాబట్టి ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కూర్చుంటే మట్టం ఆ ఎముక వెనకే ఉండిపోతుంది, మెడలో ఏ కదలికా కనబడదు. పెద్దాయనకు 13 సెంటీమీటర్లు ఉందనుకోండి. కూర్చోబెడితే కాలర్ బోన్ పైన మూడు సెంటీమీటర్ల మేర సిర ఆడుతూ కనబడుతుంది. మీ సార్ చూసింది అదే. స్కేలు కూడా అక్కర్లేదు. కూర్చున్న మనిషికి కాలర్ బోన్ పైన సిర ఆడుతుంటే ఒత్తిడి పెరిగినట్టే. అదే మనిషిని వెల్లకిలా పడుకోబెడితే మెడా గుండే ఇంచుమించు ఒకే మట్టానికి వచ్చేస్తాయి. 13 సెంటీమీటర్లు నిలబడాల్సిన రక్తం మెడ దాటి తల దాకా నిండిపోతుంది. సిర పూర్తిగా నిండి ఉంటుంది గానీ ఆడదు, ఎందుకంటే కదలిక బాగా తెలిసేది పైకొస దగ్గరే. ఆ కొస మెడలో లేకపోతే చూసేవాళ్లకు అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. జబ్బు ముదిరినవాళ్లలోనే ఇలా దాటిపోవడం ఎక్కువ.

దీనికి తిరగబడిన కేసూ ఉంది. వాంతులు, విరేచనాలు అయ్యి, లేదా లాసిక్స్ ఎక్కువై ఒంట్లో నీరు తగ్గినవాళ్లకు 45 డిగ్రీల్లో కూడా ఏమీ కనబడదు. వాళ్లను పూర్తిగా పడుకోబెట్టాక గానీ సిర నిండదు, కొందరికి అప్పుడూ నిండదు.

కనబడనప్పుడు కళ్లు చిట్లించుకుని అక్కడే చూస్తూ కూర్చోవద్దు. మనిషిని కదపండి. 45 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, లేకపోతే కూర్చోబెట్టి, అప్పటికీ లేకపోతే వాల్చి చూడండి. హౌస్ సర్జన్లు కూడా ఎక్కువగా తడబడేది ఇక్కడే. పుస్తకంలో 45 అని ఉంది కాబట్టి మంచాన్ని 45కు లేపుతారు, అక్కడ కనబడకపోతే "నార్మల్" అని రాసేసి తర్వాతి బెడ్‌కు పోతారు. 45 అనేది మొదలుపెట్టే చోటు మాత్రమే. మీ సెంటర్లో లేచే మంచం ఉండదని తెలుసు. టేబుల్ తలవైపు గోడకు ఆనించి, వీపు వెనక దిండ్లు, మడిచిన దుప్పట్లు పెట్టుకుంటూ పోతే సరిపోతుంది. పల్లెలో నేను నులకమంచం మీద కూడా చూశాను, ఏం ఇబ్బంది లేదు.

ఇక మీరు వెతికిన వస్తువు. "ఏ నరమూ ఉబ్బి కనబడలేదు" అన్నారు. మనం వెతకాల్సింది ఉబ్బును కాదు, కదలికను. మెడ పక్కన తాడులా ఉబ్బి కనబడేది పై సిర, ఎక్స్‌టర్నల్ జుగులర్. తిరుచానూరులో నాదస్వరం ఊదే విద్వాంసుడి మెడ ఒకసారి గమనించండి, రాగం ఎత్తుకోగానే ఆ నరాలు వేలంత లావున లేస్తాయి. ఆయన గుండెకు ఏ లోపమూ లేదు, ఊపిరి బిగబట్టడం వల్ల అలా లేస్తాయి. దగ్గినా, ముక్కినా, అరిచినా, మెడలో తాయెత్తు బిగుతుగా ఉన్నా అంతే. పై సిరను పూర్తిగా కొట్టిపారేయనక్కర్లేదు, లోపలి సిర దొరకనప్పుడు పనికొస్తుంది. కాకపోతే దానికి కవాటాలు ఉంటాయి, కండరం మీదుగా పోతుంది కాబట్టి నొక్కుకుపోవచ్చు కూడా. అందుకే దాని మీద ఒక్కదాని మీదే తీర్పు చెప్పకూడదు.

లోపలి సిర మనకు నేరుగా కనబడదు. కండరం కింద అది ఆడుతుంటే పైనున్న చర్మం మెత్తగా లేచి పడుతుంది, మనం చూసేది ఆ చర్మాన్ని. పుస్తకాల్లో ఫోటోలు చాలావరకు తెల్ల తోలువాళ్లవి, నీలి గీత గీసినట్టు కనబడుతుంది. ఎండలో తోట పని చేసిన మన రైతు మెడ మీద ఆ నీలం ఆశించకండి. నీడను చూడండి. టార్చిని ఎదురుగా కొడితే నీడలన్నీ చెదిరిపోతాయి. ఫోన్‌ను మెడ పక్కగా, చర్మానికి దాదాపు ఆనించినట్టు పట్టుకుని వెలుతురును ఏటవాలుగా పారించండి. కాలర్ బోన్ నుంచి చెవి తమ్మె దాకా ఒక చూపు నడపండి. మీ తల ఆయన మెడకు సమానమైన ఎత్తుకు దించుకోండి, అవసరమైతే స్టూలు వేసుకుని కూర్చోండి. మెడను ఎదురుగా కాకుండా పక్క అంచు వెంబడి చూస్తే, వెనకున్న దిండు మీద చర్మం అంచు అల్లల్లాడడం తెలుస్తుంది. పొద్దున పూట కిటికీ పక్కన కూర్చోబెడితే టార్చి కూడా అక్కర్లేదు.

చొక్కా పై గుండీలు రెండు తీయించండి. భుజం మీద తువ్వాలు, మెడలో తులసిమాల, రుద్రాక్షలు ఉంటే పక్కకు జరిపించండి. ఆడవాళ్లకు తాళి తీయమని చెప్పొద్దు, ఎడమవైపుకు జరుపుకోమంటే చాలు, ఎందుకో కూడా చెప్పండి. తల కింద పలచటి దిండు ఉండాలి. గడ్డం కొద్దిగా పైకి, ముఖం కొద్దిగా ఎడమకు తిప్పమనండి. కొద్దిగా అంటే కొద్దిగానే. ఎక్కువ తిప్పితే మెడ కండరం బిగుసుకుని సిరను మూసేస్తుంది. ఆయన మాట్లాడుతుంటే ఆపమనండి, మామూలుగా ఊపిరి తీసుకోమనండి. మన పెద్దవాళ్లు డాక్టరు దగ్గరికొస్తే ఊపిరి బిగబడతారు, అదొక అలవాటు.

కదలిక దొరికింది. అది సిరదా, పక్కనే ఉన్న కెరోటిడ్ ధమనిదా? ఇక్కడ పొరబడితే మొత్తం తప్పుతుంది. మణికట్టు దగ్గర నాడి మీద వేలు పెట్టుకుని మెడను చూడండి. ధమని నాడికి ఒక్కసారి బయటికి తంతుంది, ఆ దెబ్బ వేలికి తగులుతుంది. సిర గుండె ఒక్కసారి కొట్టుకుంటే రెండుసార్లు అల్లాడుతుంది, పైకి లేవడం కంటే లోపలికి కుంగడమే ఎక్కువగా కంటికి ఆనుతుంది, వేలు పెడితే ఏమీ తగలదు. కాలర్ బోన్ పైన అడ్డంగా వేలుతో మెల్లగా నొక్కితే సిర కదలిక ఆగిపోతుంది, ధమనిది ఆగదు. లోపలికి ఊపిరి తీసుకుంటే సిర మట్టం దిగుతుంది. లేపితే దిగుతుంది, వాలిస్తే ఎక్కుతుంది. ధమనికి ఈ పట్టింపులేవీ లేవు. ఒకటే జాగ్రత్త: పెద్ద వయసువాళ్లకు ధమనిని గట్టిగా నొక్కడం, రుద్దడం చేయొద్దు, రెండు వైపులా ఒకేసారి అసలే వద్దు. నాడి తగ్గి కళ్లు తిరిగి పడిపోవచ్చు.

గుండె లయ తప్పి కొట్టుకునే వాళ్లలో, అంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో, ఆ రెండు అలల్లో మొదటిది మాయమవుతుంది. కుడివైపు కవాటం లీకయ్యే వాళ్లలో ఒక పెద్ద అల మాత్రం దవడ దాకా ఎగదన్నుతుంది, చెవి తమ్మె కూడా ఊగుతుంది. ఇవన్నీ ఇప్పుడే గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఒకనాడు తమ్మె ఊగుతూ ఎదురైతే మీకే ఈ మాట గుర్తొస్తుంది.

కొలవడం చాలా తేలిక. గొంతు గుంట నుంచి రొమ్ము ఎముక మీద వేలు కిందికి జార్చండి. నాలుగైదు సెంటీమీటర్లు దిగాక అడ్డంగా చిన్న గట్టు తగులుతుంది, రెండో పక్కటెముక అతుక్కునే చోటు అది. పిల్లల జామెట్రీ బాక్సులోని స్కేలు ఒకటి ఆ గట్టు మీద నిట్టనిలువుగా నిలబెట్టండి. సిర కదలిక కనబడే పైకొస నుంచి ఒక అట్టముక్కను నేలకు సమాంతరంగా పట్టుకుని స్కేలుకు తాకించండి. 3 సెంటీమీటర్ల లోపు ఉంటే మామూలు, దాటితే పెరిగినట్టు. దానికి 5 కలిపితే కర్ణిక నుంచి ఎత్తు వస్తుంది. ఈ గట్టును ఆధారంగా తీసుకునే పద్ధతి 1930లో లండన్ డాక్టరు థామస్ లూయిస్ చెప్పింది. ఆ గట్టుకూ కర్ణికకూ మధ్య ఎప్పుడూ సరిగ్గా 5 సెంటీమీటర్లే ఉండదు, మనిషిని లేపేకొద్దీ పెరుగుతుంది, అందుకే మన కొలత అసలు ఒత్తిడి కంటే తక్కువ చూపించడమే ఎక్కువ. తక్కువ చూపించే కొలతలోనే ఎక్కువ వచ్చిందంటే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

సందేహంగా ఉన్నప్పుడు పొట్ట నొక్కి చూస్తారు. పొట్ట మధ్యలో వెచ్చటి అరచెయ్యి పెట్టి, ముందే చెప్పి, 10 నుంచి 15 సెకన్లు నిలకడగా నొక్కాలి. నోరు తెరిచి మామూలుగా ఊపిరి తీసుకోమనాలి, నొప్పితో బిగబడితే ఫలితం తప్పుతుంది. ఆరోగ్యవంతుల్లో కూడా మట్టం ఒక క్షణం లేచి దిగిపోతుంది. 3 సెంటీమీటర్లకు పైగా లేచి, నొక్కినంతసేపూ అక్కడే నిలబడి, చెయ్యి తీయగానే చటుక్కున పడితే, గుండె తనకు వచ్చిన రక్తాన్ని మోయలేకపోతోందని అర్థం. దీన్ని 1885లోనే విలియం పాశ్చర్ అనే డాక్టరు రాశారు.

నేర్చుకోగలనా అని అడిగారు. తప్పకుండా. ఈ సిరల కదలికను కాగితం మీద గీసి, ప్రతి అలకూ అర్థం చెప్పిన జేమ్స్ మెకంజీ ఆ పని మొదలుపెట్టినప్పుడు పెద్ద ఆసుపత్రి ప్రొఫెసరేమీ కాదు. ఇంగ్లాండులో బర్న్లీ అనే మిల్లు ఊళ్లో కుటుంబ వైద్యుడు. అదే మనుషుల్ని ఏళ్ల తరబడి చూడడం ఆయనకు కలిసొచ్చింది. అది మీకూ ఉంది. తిరుపతి వార్డులో డాక్టరు పెద్దాయన్ని చూసింది కొన్ని రోజులే, మీరు ప్రతి వారం చూస్తారు. ముందు ఆరోగ్యవంతుల మెడలు చూడండి. ఇంట్లో సన్నటి తమ్ముడో చెల్లెలో ఉంటే పడుకోబెట్టి, సిర ఆడడం దొరికాక మెల్లగా లేపుతూ, అది కాలర్ బోన్ వెనక్కి దిగిపోవడం చూడండి. ఆ దిగడం ఒకసారి కంట పడితే సగం పని అయినట్టే. తర్వాత మీ సార్ వచ్చినప్పుడు ఆయన కంటే ముందు మీరు చూసి, ఎక్కడి దాకా ఉందో పెన్నుతో చుక్క పెట్టండి, ఆయన్ని సరిచూడమనండి. మంచి డాక్టర్లకు ఇలా అడిగేవాళ్లంటే ఇష్టం.

పొట్టి మెడ, లావు మెడ ఉన్నవాళ్లలో ఎంత ప్రయత్నించినా కనబడకపోవచ్చు, నాకూ కనబడదు. అప్పుడు రిజిస్టర్లో "కనబడలేదు" అని రాయండి, "నార్మల్" అని రాయకండి. ఈ రెండింటికీ మధ్య తేడా తెలియక ఎంతమంది మందులు తారుమారయ్యాయో.

మెడ బాగున్నంత మాత్రాన ఆయాసాన్ని కొట్టిపారేయకూడదు. హఠాత్తుగా గుండెపోటు వచ్చి ఎడమవైపు గది చతికిలపడితే ఊపిరితిత్తుల్లోకి నీళ్లు దిగుతాయి, మెడకు ఆ సంగతి ఇంకా చేరకపోవచ్చు. కూర్చున్నా ఆయాసం, నురగ కఫం, ఛాతీ నొప్పి, ఆక్సిజన్ 90 కంటే తక్కువ: వీటిలో ఏది ఉన్నా మెడ చూస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేదాకా కూర్చోబెట్టే ఉంచండి, బలవంతంగా పడుకోబెట్టొద్దు. అలాగే మెడ సిర ఉబ్బిన ప్రతిదీ హార్ట్ ఫెయిల్యూర్ (గుండె పంపింగ్ సరిపోని జబ్బు) కాదు. నిండుగా ఉబ్బి అసలు ఆడకుండా ఉండి, ముఖం కూడా వాచి ఉంటే ఛాతీలో పెద్ద సిరను ఏదో గడ్డ నొక్కుతోందేమో చూడాలి. ఊపిరి లోపలికి పీల్చినప్పుడు దిగాల్సిన మట్టం పైకి ఎక్కితే, పొట్టలో నీళ్లు ఎక్కువగా ఉండి కాళ్లలో తక్కువగా ఉంటే, గుండె చుట్టూ ఉన్న పొర గట్టిపడిందేమోనని అనుమానించాలి. మన దేశంలో దానికి టీబీ ఒక ముఖ్య కారణం. ఇలాంటివి మీ పని కాదు, పైకి పంపడం మీ పని.

మీలాంటివాళ్లకు మెడ అన్నిటికంటే ఎక్కువ అక్కరకొచ్చేది కాళ్ల వాపుతో వచ్చినవాళ్ల దగ్గర అని నా అభిప్రాయం. పల్లెలో కాళ్లు వాచినవాళ్లందరికీ లాసిక్స్ ఇచ్చే అలవాటు ఒకటి పాతుకుపోయింది, మెడికల్ షాపులో కూడా అడిగితే ఇచ్చేస్తారు. పాదాలు వాచి ఉండి, ఏ వాలులో చూసినా మెడ సిర మామూలుగా ఉంటే, ఆ వాపు గుండెది కాకపోవచ్చు. ముందు మందుల కవరు విప్పి చూడండి. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ వల్ల పాదాలు వాచడం మనం రోజూ చూసేదే. షుగరుకు ఇచ్చే పయోగ్లిటజోన్ కూడా నీరు పట్టిస్తుంది, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు అది పడదు. మోకాళ్ల నొప్పికని డైక్లోఫినాక్ మింగేవాళ్లకు మూత్రపిండాలు నీటిని పట్టి ఉంచుతాయి. ఆ తర్వాత మూత్రంలో ప్రొటీను, కాలేయం, కాళ్ల సిరలు, బోదకాలు. మెడ ఖాళీగా ఉన్న మనిషికి లాసిక్స్ పోస్తే, అందులోనూ మన మే నెల ఎండల్లో, వాపు అలాగే ఉంటుంది, మనిషి కళ్లు తిరిగి పడతాడు.

మీ పెద్దాయనది దీనికి సరిగ్గా తిరగబడింది. కాళ్లు బాగానే ఉన్నాయి, మెడ పెరిగింది. కాళ్లలో గుంట పడేంత వాపు రావాలంటే ఒంట్లో లీటర్ల కొద్దీ నీరు అదనంగా చేరాలి. మెడ అంతకంటే ముందే చెబుతుంది. అందుకే మీ సార్ వాపు కోసం ఎదురుచూడలేదు. రక్త పరీక్ష రాశారన్నారు, అది క్రియాటినిన్, పొటాషియం కోసమే అయి ఉంటుంది. లాసిక్స్ పెంచినవాళ్లు చేయాల్సిన పనే అది. రిపోర్టు ఆలస్యం కాకుండా మీరు వెంటపడండి.

కొడుకు కోపం నాకు అర్థమవుతుంది. తండ్రి పల్లెలో, తాను బెంగళూరులో, ఫోన్‌లో వినబడేది సగం మాటలు. వాదనకు దిగకండి. ఇలా చెప్పి చూడండి: "అన్నా, ఎకో అంటే గుండె స్కానింగ్, అది గుండె కండరం ఎంత బలంగా ఉందో, కవాటాలు ఎట్లున్నాయో చెబుతుంది. అది మూడు వారాల్లో పెద్దగా మారదు. ఒంట్లో నీళ్లు మాత్రం మూడు రోజుల్లో మారతాయి. నీళ్లు ఎంతున్నాయో ఈ రోజుకీ రోజు మెడలో తెలుస్తుంది. ఎన్ని స్కానింగ్‌లు ఉన్నా ప్రతి వారం నాయన్ని తిరుపతికి తిప్పలేం కదా." చదువుకున్నవాడు కాబట్టి ఇంకొకటి కూడా చెప్పొచ్చు. 2001లో వెలువడిన ఒక అధ్యయనంలో రెండున్నర వేల మందికి పైగా హార్ట్ ఫెయిల్యూర్ రోగుల్ని గమనిస్తే, మెడ సిర ఎత్తుగా ఉన్నవాళ్లే జబ్బు ముదిరి మళ్లీ ఆసుపత్రిలో చేరడం, చనిపోవడం ఎక్కువగా కనబడింది. వేలూరికి తీసుకుపోతానంటే పోనివ్వండి, తప్పేం లేదు. తిరుపతిలో స్విమ్స్ ఉంది, రుయా ఉంది, ఎక్కడికి పోయినా మంచి డాక్టరు ముందు చూసేది మెడే. మీరు మాత్రం మందుల చీటీ, ఎకో రిపోర్టు, బరువుల కాగితం కవర్లో పెట్టి ఇవ్వండి.

బరువుల కాగితం ఇప్పటిదాకా లేకపోతే రేపే మొదలుపెట్టించండి. మెడ చూడడం మీ పని, బరువు చూడడం ఇంటివాళ్ల పని. పొద్దున లేచి మూత్రానికి పోయొచ్చాక, ఏమీ తినకముందు, ఒకే మెషీన్ మీద. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే మీకు ఫోన్ చేయాలి. వంటింట్లోకి కూడా ఒకసారి తొంగి చూడండి. తోట ఉన్న ఇల్లు, మామిడి కాలం. ఉప్పు తగ్గించామని కోడలు గట్టిగా చెబుతుంది, నిజమే అయి ఉంటుంది. రాగి సంగటిలోకి నంజుకునే కొత్త ఊరగాయ గురించి మాత్రం ఎవరూ చెప్పరు, మీరే అడగాలి. అప్పడాలు, వడియాలు, ఉప్పు మిరపకాయలు కూడా అడగండి.

మీ సార్‌కు ఫోన్ చేసేటప్పుడు "పెద్దాయనకు బాగాలేదు సార్" అనకండి. "కూర్చోబెట్టినా కాలర్ బోన్ పైన 3 సెంటీమీటర్లు సిర ఆడుతోంది, పొట్ట నొక్కితే నిలబడుతోంది, బరువు ఇంత పెరిగింది, బీపీ పడుకుంటే ఇంత, నిలబడితే ఇంత, ఆక్సిజన్ ఇంత" అనండి. అలా చెబితే ఆయన ఫోన్‌లోనే ఒక నిర్ణయానికి రాగలరు. డోసు మీరుగా మార్చొద్దు. లాసిక్స్ పెంచిన వారం తర్వాత మళ్లీ మెడ చూడండి. మట్టం దిగి, బరువు తగ్గి, నిలబడితే కళ్లు తిరుగుతున్నాయంటే అది కూడా చెప్పాలి, అప్పుడు తగ్గించాల్సి వస్తుంది. పెంచింది గుర్తుండి తగ్గించడం మర్చిపోవడం మన దగ్గర మామూలే.

ఇక మొక్కు. అలిపిరి దారిలో మూడున్నర వేలకు పైగా మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల నడక. గుండె జబ్బు ఉన్నవాళ్లు నడిచి రావొద్దని టీటీడీ వాళ్లే చెబుతారు. కూర్చుంటేనే మెడలో సిర ఆడే మనిషి ఈ నెలాఖరుకు ఆ మెట్లు ఎక్కడమన్న మాటే లేదు. శ్రీవారి మెట్టు దారి దగ్గరే కదా అంటారేమో, అది దగ్గరే గానీ ఇంకా నిటారు. "ఎక్కకూడదు" అని మీరు ఒక్కరే చెబితే వినరు, మీ సార్ చేత చెప్పించండి. పాదాల మండపం దగ్గర కొబ్బరికాయ కొట్టి, మొదటి మెట్టుకు పసుపు కుంకుమ పెట్టి, అక్కడి నుంచి బస్సులో కొండకు పోవచ్చు. 65 దాటినవాళ్లకు ప్రత్యేక దర్శనం ఉంది, కొడుకును ఆన్‌లైన్‌లో ముందుగా చూసుకోమనండి. అదీ మెడ మట్టం దిగి, బరువు నిలకడగా ఉండి, ఆయాసం లేకుండా ఉంటేనే. దర్శనం రోజున క్యూలో మూత్రం వస్తుందేమోనని చాలామంది లాసిక్స్ ఎగ్గొడతారు, తిరిగొచ్చాక రెండు రోజులకు ఆయాసంతో చేరతారు. ఆ రోజుకు మాత్ర మానకుండా వేళ మార్చుకోవచ్చా, మార్చుకుంటే ఎన్ని గంటలకు వేసుకోవాలి అన్నది మీ సార్ చేత రాయించి, ఆ చీటీని తీసుకెళ్లే కొడుకు జేబులో పెట్టించండి.